భీమిలి పొడుగు బండి

ఓడ మీద, కొలంబో దాటాక
జూన్

బావా,

మీ చెల్లెలు ఫెబా ఈపాటికి చెప్పే ఉంటుంది. చెప్పకపోతే నా మాటగా విను. ఇదే నా ఆఖరి కాంట్రాక్టు. డిసెంబరులో దిగితే మళ్లీ ఓడ ఎక్కను. డెక్ మీద ఈ సరంగు పని ఇక చాలు. తాళ్లు లాగి లాగి నా చేతులు మీ చెల్లెలి బుగ్గ తాకడానికి కూడా పనికిరాకుండా పోయాయి.

దిగి ఏం చేస్తావని నువ్వు అడగకముందే చెబుతాను. మీ భీమిలిలో శ్రీరామ్మూర్తిగారని పడవ ఇంజన్లు అమ్మే ఆయన ఉండేవారు కదా. ఆయన పోయాక కొడుకు దొరబాబు ఇంటి వెనక ఉన్న పాత స్టేషన్ వ్యాగన్‌ని అమ్మకానికి పెట్టాడు. అంబాసిడరే, కానీ డిక్కీ ఉండదు. కప్పు చివరిదాకా సాగి, వెనక నిలువునా తెరుచుకునే డోరు ఉంటుంది. రేవులో ఉన్నప్పుడు ఫోన్‌లో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. రిపేర్లు ఉన్నాయని ప్రకటనలో వాళ్లే రాశారు.

పెళ్లికి ముందు జంటలు ఫొటోలు తీయించుకోవడం చూస్తూనే ఉన్నావుగా. ఎర్రమట్టి దిబ్బలకీ, తొట్లకొండకీ, మీ బీచ్‌కీ రోజూ ఎంతమంది వస్తున్నారు! వాళ్లకి పాత కార్లంటే పిచ్చి. బండిని బాగు చేయించి, మీగడ రంగు వేయించి, పూలు కట్టి అద్దెకు తిప్పుతాను. సాయంత్రానికి ఇంటికొచ్చి మీ చెల్లెలి చేతి కూర తింటాను. నేను కోరుకునేది ఇంతే.

నువ్వు బస్సు నడిపి రిటైరైనవాడివి. ఇంజను చప్పుడు వింటేనే నీకు సగం తెలిసిపోతుంది. ఒకసారి వెళ్లి చూడు. దొరబాబు మాటలు నమ్మకు. ఈ ఓడలో ఫోన్ కలవదు, మెయిల్ మాత్రం రోజుకోసారి పోతుంది. ముక్కలు ముక్కలుగా కాకుండా ఉత్తరంలా వివరంగా రాయి.

నీ బెన్సన్


భీమునిపట్నం
జూన్ చివర

బెన్సన్ బావకు జాన్‌బాబు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న పొద్దున్నే బండి చూసి వచ్చాను.

ముందు మంచి చెబుతాను. బండి అందమైనదే. వానకు తడవకుండా రేకుల కింద ఉంచారు. వెనక సీటు మడిస్తే లోపల మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు ఉంది. స్టీరింగు పట్టుకుంటే నేను కొత్తగా డ్రైవరైన రోజులు గుర్తొచ్చాయి.

ఇక అనుమానాలు. దొరబాబు నా పక్క నుంచి కదల్లేదు. నేను ఎటు వంగితే అటు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "మా నాన్న తప్ప ఇంకోడు ముట్టుకోలేదు బావా, పువ్వులాగ సూసుకున్నాడు" అన్నాడు. అంత పువ్వులా చూసుకున్న బండికి అడుగున కొత్తగా నల్ల తారు పూత ఎందుకు? వేలితో గీస్తే గోరుకు తడి అంటింది. లోపల పరిచిన రబ్బరు పట్టాను లేపబోతే "అది అతికించేసినాం, లేవదు" అన్నాడు. దాని కింద తుప్పు లేకపోతే అతికించాల్సిన అవసరం ఏముంది? వెనక చక్రాల మీది స్ప్రింగు కమాన్లు బరువుకు సాగి పళ్లెంలా అయిపోయాయి. ఆ పడవ ఇంజన్లన్నీ ఇందులోనే మోసి ఉంటారు. సెల్ఫ్ పట్టలేదు. బ్యాటరీ దిగిపోయిందన్నాడు. పక్కింటి బండి బ్యాటరీ పెట్టినా పట్టలేదు.

ఫిట్‌నెస్ కాగితం గడువు ఎప్పుడో దాటిపోయింది. అది మళ్లీ చేయించాలి.

అయినా ఒక మాట. బండిలో ప్రాణం ఉంది బావా. తోసి స్టార్టు చేస్తే ఇంజను దగ్గి, పొగ వదిలి, ఆ తర్వాత చక్కగా పాడింది. తగరపువలసలో సాయిశంకర్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. అతనితో పట్టా లేపించి చూపిస్తాను. అప్పటిదాకా పైసా ఇవ్వవద్దని ఫెబాకు చెప్పు.

జాన్‌బాబు


ఓడ మీద, సింగపూర్ బయట లంగరు వేసుకుని
జూలై

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తారు పూత సంగతి పట్టుకున్నావు చూడు, అందుకే నిన్ను పంపింది. ఆ దొరబాబును నేను ఎప్పుడూ నమ్మలేదు.

అయితే "బండిలో ప్రాణం ఉంది" అని రాశావే, ఆ ముక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది. సాయిశంకర్‌తో పని మొదలుపెట్టించు. మెకానిక్ ఖర్చు ఫెబా ఇస్తుంది. బండి కీలు అడిగి నీ దగ్గరే పెట్టుకుని వారం పది రోజులు నడిపి చూడు. ఎత్తు మీద లాగుతుందో లేదో, వానలో ఆగిపోతుందో లేదో నాకు తెలియాలి. పెళ్లికూతురు ఎక్కాక దారిలో మొరాయిస్తే నా పరువేం కాను?

మీగడ రంగా, లేక లేత నీలమా? ఫెబా నీలం అంటోంది.

బెన్సన్


భీమునిపట్నం
ఆగస్టు చివర

బావా,

రాయడం ఆలస్యమైంది. వానలు ఎక్కువగా ఉన్నాయి.

సాయిశంకర్ చూశాడు. పట్టా కింద తుప్పు ఉంది, రేకు అతికించాడు. సెల్ఫ్ బాగు చేశాడు. బండి నడుస్తోంది.

అయినా నా మాట విని ఆ బండిని వదిలెయ్యి. పెళ్లిళ్లకు అది పనికిరాదు. అనకాపల్లి వైపు ఎవరి దగ్గరో పాత ఫియట్ ఉందంటున్నారు. చిన్నది, ముద్దుగా ఉంటుంది. కావాలంటే వెళ్లి చూసి వస్తాను.

జాన్‌బాబు


ఓడ మీద
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం చదివి తికమక పడ్డాను. జూన్‌లో తారు పూత కూడా గోరుతో గీకి చూసి రాసినవాడివి, ఇప్పుడు "పనికిరాదు" అని ఒక్క మాటతో తేల్చేశావు. ఎందుకు పనికిరాదు? తుప్పుకు రేకు వేశారు. సెల్ఫ్ పట్టింది. బండి నడుస్తోందని నువ్వే అన్నావు. మరి ఏం లోటు?

ఇంకో సంగతి. పోయిన ఆదివారం ఫెబా దువ్వాడ నుంచి మీ ఇంటికి వచ్చింది కదా. బండి మీ వాకిట్లోనే ఉందట. ఇన్నాళ్లూ దొరబాబు దాన్ని నీ దగ్గరే ఎందుకు ఉంచాడు? ఫెబా వెనక డోరు తీసి చూస్తే సీటు సందుల్లో చామంతి రేకులు ఉన్నాయట. లోపలంతా సెంటు వాసనట. ఏమిటని అడిగితే "ఎవులో పూలు తెమ్మన్నారు" అని నువ్వు కూర గిన్నె వైపు చూస్తూ చెప్పావట. మీ చెల్లెలు అనుమానపడే మనిషి కాదు. నవ్వుతూనే రాసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పూలు ఎవరివి బావా?

బెన్సన్


భీమునిపట్నం
సెప్టెంబరు

బావా,

పూలు ఒక కుటుంబం వాళ్లవి. నువ్వు అనుకుంటున్నట్టు కాదు.

బండి నా దగ్గర ఉండటానికి కారణం దొరబాబు ఇంటి గోడ పని. ఇసుక, కంకర దిగాయి, చోటు లేదన్నాడు. కావాలంటే అతన్నే అడుగు.

నేను నీకు చెడు కోరేవాడిని కాను. ఫియట్ చూడమంటావా, వద్దా?

జాన్‌బాబు


ఓడ మీద
అక్టోబరు

జాన్‌బాబు గారికి,

అడగమన్నారు కాబట్టి అడిగాను. దొరబాబు ఫెబాతో ఫోన్‌లో అన్న మాటలు ఇవి. "గోడ పనేటి, ఇసకేటి? మీ అన్నయ్య కీలు ఇవ్వడు, కొంతానని సెప్పడు. వారానికోపాలి బండి ఎక్కడికో అట్టుకెల్లి కడిగించి తెత్తాడు. కొంతారా కొనరా బేగి తేల్చండి." గోడ లేదు, ఇసుకా లేదు. నాకు మీరు మొదటిసారి అబద్ధం చెప్పారు.

ఇంకా ఉంది. విశాఖ రేవులో టగ్గు పడవ మీద పనిచేసే మోహన్ మీకు తెలుసు. తగరపువలస జంక్షన్‌లో ఆ బండిని తన కళ్లతో చూశాడు. మీరే నడుపుతున్నారట. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నారట. వెనక అద్దాలకు తెల్లగుడ్డ కట్టి ఉందట. బానెట్ మీద పూలదండ. వెనక రెండు ఆటోల నిండా జనం. మోహన్ చెయ్యి ఊపితే మీరు చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారట.

పూలు, సెంటు, తెల్లగుడ్డ, వెనక జనం. ఇంతకన్నా ఏం కావాలి? నా ఆలోచన విన్నారు, నా ఖర్చుతో బండి బాగు చేయించారు, నన్ను ఫియట్ వైపు పొమ్మన్నారు. పెళ్లిళ్ల కిరాయిలు మీరు తిప్పుకుంటున్నారు. బండి పెళ్లిళ్లకు పనికిరాదని నాకు రాసిన చేత్తోనే దానికి దండ కట్టారు.

నేను నీళ్ల మీద ఉన్నాను. వచ్చి కళ్లతో చూసుకోలేను. అది తెలిసే చేశారు. మీ మీద కోపం కన్నా, మిమ్మల్ని నమ్మమని ఫెబాకు చెప్పినందుకు నా మీద నాకు కోపంగా ఉంది.

బెన్సన్


భీమునిపట్నం
అక్టోబరు

బావా,

'గారు' అని రాశావు. ముప్ఫై ఏళ్లలో నువ్వు నన్ను అలా పిలవలేదు. గోడ సంగతి అబద్ధమే. మిగతాది నువ్వు అనుకున్నది కాదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

దీవెనమ్మగారు గుర్తున్నారా? మా వీధి చివర ఎండుచేపలు అమ్మేది. కూతురు కెజియా బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. జూలై ఆఖరులో ఒకరోజు తెల్లారేసరికి దీవెనమ్మగారు కన్నుమూసింది. ఇంట్లో మగదిక్కు లేదు. చర్చి సంఘ పెద్దనని నన్ను పిలిచారు.

మన పాత సమాధుల తోట నిండిపోయింది. ఇప్పుడు ఊరికి దూరంగా కొండ వాలున చోటిచ్చారు. భుజాల మీద మోద్దామంటే మోసే వయసున్నవాళ్లంతా డ్యూటీలకు వెళ్లిపోయారు. చర్చికి ఉన్న తోపుడు బండి ఇరుసు విరిగి మూలన పడి ఉంది. విశాఖలో శవాలు తీసుకెళ్లే వ్యాను కోసం ఫోన్ చేస్తే రేపు వస్తామన్నారు. ఆటోలవాళ్లు మొహం చాటేశారు. చేపల వ్యాను నడిపేవాడిని బతిమాలాను. "నాకేటి బాధ లేదు మామా. రేపు ఇందులోనే సేపలెత్తాల. సవాన్ని మోసిందని తెలిస్తే ఎవులు కొంతారు?" అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను.

మధ్యాహ్నం దాటింది. వాన పట్టుకుంది. పాకలో నీళ్లు కారుతున్నాయి. తల్లి శవపెట్టె మీదకు గొడుగు పట్టుకుని కెజియా కూర్చుంది. నన్ను చూసి "మామా, అమ్మని ఇంకో రాత్రి ఇలగే ఉంచేత్తామేటి?" అంది. ఏడవలేదు. ఊరికే అడిగింది.

నా జేబులో ఆ బండి కీలు ఉన్నాయి బావా. వానలో నడిపి చూడమన్నది నువ్వే.

సీటు మడిచాం. పెట్టెను లోపలికి తోస్తే వెనక డోరు చక్కగా మూసుకుంది. కెజియాను ముందు కూర్చోబెట్టాను. పాస్టరుగారూ మిగతావాళ్లూ ఆటోల్లో వచ్చారు. మనుషులు ఎక్కడానికి ఆటోలవాళ్లకు అభ్యంతరం లేదు. వాలు ఎక్కేచోట ఇంజను ఆగిపోయింది. అందరూ దిగి బురదలో చెప్పులు వదిలేసి తోశారు. పాస్టరుగారు కూడా తోశారు. వెలుగుండగానే భూస్థాపన అయింది. తిరిగొచ్చేటప్పుడు కెజియా "అమ్మ కారెక్కడం ఇదే మొదలు" అంది.

ఆ ఒక్కరోజుతో అయిపోతుందనుకున్నాను. అవలేదు. తర్వాతి వారం పడవ నూకరాజు కొడుకు వచ్చాడు. వాళ్లు హిందువులు, మన సంఘం కాదు. తండ్రిని శ్మశానానికి చేర్చాలి. "కాదనకు బావా, నీ కాల్లట్టుకుంతాను" అన్నాడు. ఎలా కాదనను? ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. కిరాయి తీసుకోలేదు, పెట్రోలు మాత్రం వాళ్లు పోయించారు. మోహన్ చూసినరోజు పెట్టెలో ఉన్నది కాలేజీలో చదివే పిల్ల. ఆ రోజు నేను ఎవరికీ చెయ్యి ఊపగలిగే స్థితిలో లేను.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆ బండిలో పెళ్లికూతుళ్లను ఎక్కించాలని కలలు కంటున్నావు. మీగడ రంగా, నీలమా అని నువ్వు అడిగిన ఉత్తరాన్ని దీవెనమ్మగారిని దించిన మర్నాడు మళ్లీ తీసి చదివాను. దానికి ఏమని జవాబు రాయాలో తెలియలేదు. చెబితే నీ కల పాడవుతుంది. చెప్పకుండా కొనిపిస్తే మోసం అవుతుంది. అందుకే వదిలెయ్యమన్నాను.

నీ అనుమానంలో సగం నిజం కూడా ఉంది, దాచను. నువ్వు వద్దంటే నా రిటైర్మెంటు డబ్బుతో ఆ బండిని నేనే కొనాలనుకున్నాను. ఈ పనికే. ఆ ఆశతోనే నిన్ను ఫియట్ వైపు మళ్లించాను.

ఇక నీ ఇష్టం. కొట్టినా పడతాను. 'గారు' మాత్రం వద్దు.

జాన్‌బాబు


ఓడ మీద
అక్టోబరు చివర

బావా,

చదివాను. నిన్ను దొంగ అన్నందుకు క్షమించు.

కానీ కోపం పోలేదు. దీవెనమ్మగారిని తీసుకెళ్లిన మర్నాడే నాకు రాసి ఉంటే నేను కాదనేవాడినా? నన్ను అంత చిన్నవాడిగా లెక్కగట్టావు. నా తరఫున నువ్వే ఆలోచించి, నా తరఫున నువ్వే బాధపడి, నాకు మాత్రం గోడ కథ చెప్పావు. నీకు ఆ బండి కావాలని ఒక్క మాట అడిగినా సరిపోయేది.

ఇప్పుడు ఆ బండి నాకు పనికిరాదు. భీమిలి ఎంత ఊరు? ఫొటోగ్రాఫర్లకు తెలియకుండా ఉంటుందా? తెలిశాక ఏ పెళ్లికూతురు ఎక్కుతుంది? నేల మీద నా బతుకంతా ఆ బండి మీద పెట్టుకున్నాను.

దొరబాబుకు కీలు ఇచ్చెయ్యి. నువ్వూ కొనకు. ఉన్న కాస్తా దానికి పోసేస్తే మీ ఇంట్లో అక్క ఏం తింటుంది?

బెన్సన్


భీమునిపట్నం
నవంబరు

బావా,

నువ్వు చెప్పినట్టే కీలు ఇచ్చేశాను. దొరబాబుకు సంగతంతా తెలిసిపోయింది. వాకిట్లో నిలబడి వీధంతా వినేలా కేకలేశాడు. "సవాలు మోసిన బండి నాకెందుకు? ఇంక దీన్ని ఎవులు ముట్టుకుంతారు? మా నాన్న బండిని పాడె సేసేసినావు కదేటి!" అన్నాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. అతనికి అలా అనే హక్కుంది. అడక్కుండా చేశాను.

కొనేవాళ్లు ఎవరూ రావడం లేదట. ఈ నెలాఖరుకు పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానంటున్నాడు.

మొన్న మా సంఘంలో ఒక పెద్దాయన పోయాడు. భుజాల మీదే మోసుకెళ్లాం. మోసేవాళ్లు చాలక దారిలో ఆగి ఆగి వెళ్లాం. ఒకచోట పెట్టెను రోడ్డు పక్కన దించితే, వెనక బస్సువాడు హారను కొట్టాడు. ఆయన భార్య పెట్టె మీద చెయ్యి వేసి "కంగారు లేదులెండి, నిమ్మలంగా ఎల్దాం" అని మాకు ధైర్యం చెప్పింది.

నిన్ను ఒప్పించాలని ఇది రాయడం లేదు. ఇకమీదట ఏదీ దాచనని అనుకున్నాను, అందుకని రాస్తున్నాను.

జాన్‌బాబు


ఓడ మీద, రేవు వదిలాక
నవంబరు

బావా,

ఇది అందగానే దొరబాబు దగ్గరికి వెళ్లి ఆ బండిని ఆపు. ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదువు.

మా ఇంజన్ రూములో పాత్రో అని గోపాల్‌పూర్ ఆయన ఉండేవాడు. ఆయిల్‌మన్. నాకన్నా పెద్దవాడు. తెలుగు బాగా మాట్లాడేవాడు. సాయంత్రాలు డెక్ మీదకి వచ్చి కూతురి ముచ్చట్లు చెప్పేవాడు. నీ ఉత్తరం వచ్చిన రాత్రి దాటాక, పొద్దున డ్యూటీకి రాలేదని వెళ్లి చూస్తే మంచం మీదే పోయి ఉన్నాడు. గుండె అన్నారు.

రేవు చేరేదాకా మాంసం దాచే చల్లగదిలో ఉంచాం. మాంసమంతా పక్కకు జరిపి చోటు చేశాం. రోజూ పొద్దున నేను తలుపు తీసి లోపలికి వెళ్లి ఒక్క నిమిషం నిలబడి వచ్చేవాడిని. ఆయనకు నేను చేయగలిగింది అంతే. మొదటి రేవువాళ్లు కాగితాలు చాలవని దింపనివ్వలేదు. రెండో రేవులో ఒప్పుకున్నారు.

తీసుకెళ్లడానికి ఏజెంటు ఒక వ్యాను పంపాడు. దాని వెనక తలుపు తీస్తే లోపల సగం దాకా చెత్త సంచులు ఉన్నాయి బావా. మా ఓడ చెత్త దింపడానికి వచ్చిన వ్యానే అది. ఒకే ట్రిప్పులో రెండు పనులూ అయిపోతాయని పంపారు. డ్రైవరు నా వైపు చూసి సంచులను కాస్త పక్కకు నెట్టాడు, చోటుందిగా అన్నట్టు.

నేను క్రేను ఆపించాను. సంచులన్నీ దింపేదాకా పాత్రోను దింపనన్నాను. కెప్టెన్ అరిచాడు, ఏజెంటు అరిచాడు. మా డెక్‌వాళ్లంతా వచ్చి నా పక్కన నిలబడ్డారు. చివరికి సంచులు దింపించి, మేమే వ్యాను కడిగి, నా మంచం మీది దుప్పటి పరిచి ఆయనను పడుకోబెట్టాం. వ్యాను గేటు దాటేదాకా చూశాను. అంతకన్నా దూరం వెళ్లడానికి నాకు అనుమతి లేదు.

ఆ రాత్రి నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. "నాకు పనికిరాదు" అని నేను రాసిన ముక్క చూసి సిగ్గుపడ్డాను.

బండి కొను. సగం నీది, సగం నాది. పూర్తిగా నీ డబ్బు పెట్టనివ్వను. ఇక అది ఈ పనికే. పెళ్లి కిరాయిల మాట మరిచిపో. నేను ఇంకో కాంట్రాక్టు చేస్తాను. ఆ సంగతి ఫెబాకు ఇంకా రాయలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు చెప్పకు, నేనే రాస్తాను.

కమాన్లు మాత్రం కొత్తవి వేయించు. వాలు ఎక్కేటప్పుడు మళ్లీ ఎవరూ బురదలో తోయకూడదు.

బెన్సన్


భీమునిపట్నం
డిసెంబరు

బావా,

బండి మనదైంది. ఎలా అయిందో చెబుతాను, విని నవ్వుకో.

నేను వెళ్లేసరికి ఇనుము కొనేవాడు వచ్చి టైర్లు తన్ని చూస్తున్నాడు. నా ఆత్రం దొరబాబు పసిగట్టాడు. నిన్నటిదాకా పాడె అన్న బండి ఒక్క క్షణంలో తండ్రి జ్ఞాపకం అయిపోయింది. ఇప్పుడిలాంటివి దొరకవన్నాడు, ధర పెంచేశాడు. ఫెబాకు ఫోన్ చేస్తే తను పనిచేసే స్కూలుకు సెలవు పెట్టి బస్సెక్కి వచ్చేసింది. వస్తూనే బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "సవాలు మోసిన బండని ఊరంతా డప్పేసినోడివి నువ్వే కదా దొరబాబూ! మాకు కాకపోతే ఇంకెవులికి అమ్ముతావో అమ్ము, నానూ సూత్తాను" అని అక్కడే అరుగు మీద కూర్చుంది. కాఫీ ఇస్తే తాగింది, కదల్లేదు. సాయంత్రానికి దొరబాబు పాత ధరకే కాగితం రాశాడు.

నువ్వు రాస్తానన్న ఉత్తరం ఫెబాకు అందింది. మా ఇంట్లోనే చదువుకుంది. "ఇంకో కాంట్రాక్టంతన్నాడు అన్నయ్యా" అని మాత్రం అంది. కళ్లు తుడుచుకుంది. అంతలోనే సాయిశంకర్‌కు ఫోన్ చేసి కమాన్లు ఎప్పుడు వేస్తావని కేకలేసింది. నీ మీద కోపంగానే ఉంది. అది నువ్వొచ్చి తీర్చాల్సిన పని, నా వల్ల కాదు.

కొత్త కమాన్లు పడ్డాయి. ఫిట్‌నెస్ అయింది. ఎవరింట్లో అవసరమైనా నాకు ఫోన్ చేస్తున్నారు. కుటుంబాలవాళ్లు పెట్రోలుకు తోచింది ఇస్తున్నారు, లేనివాళ్లను అడగడం లేదు.

నీ ఓడ విశాఖ రేవుకే వస్తోందని మోహన్ చెప్పాడు. నిన్ను తీసుకురావడానికి గేటు దగ్గరికి ఆ బండే తెస్తాను. ముందు సీటు ఫెబా తనదే అంటోంది. నువ్వు నీ సామాన్లతో వెనక కూర్చోవాలి. కడిగించే తెస్తాను. అయినా మనసుకు ఏమైనా అనిపిస్తే ఇప్పుడే చెప్పు, ఆటో మాట్లాడతాను.

జాన్‌బాబు


ఓడ మీద, విశాఖ బయట లంగరు వేసుకుని
డిసెంబరు

బావా,

ఇక్కడినుంచి డాల్ఫిన్ కొండ మీది లైట్‌హౌసు దీపం కనబడుతోంది. రేపు రేవులో ఓడ ఆగడానికి బెర్త్ దొరుకుతుందట.

ఆటో వద్దు. నేను వెనకే కూర్చుంటాను. ఫెబాకు చెప్పు, అద్దాలకు కట్టిన గుడ్డ విప్పించమని. బీచ్ రోడ్డు అంతా చూసుకుంటూ రావాలి.

కూర్చునే వస్తాను. పడుకోను.

నీ బెన్సన్